ముసలాయన దగ్గర జర్మన్

పొద్దున్నే లాండ్రీ షట్టర్ ఎత్తగానే మొదటి పని, పైపుల్లో నిలవున్న నిన్నటి నీళ్ళు వదిలెయ్యడం. రెండో పని, వచ్చిన బట్టల్ని గుట్టలుగా విడదీయడం. తెల్లవి ఒక పక్క, రంగు వదిలేవి ఒక పక్క, నర్సింగ్ హోమ్ దుప్పట్లు విడిగా, హోటల్ వంటవాళ్ళ ఏప్రాన్లు వాటన్నిటికీ దూరంగా. మూడో పని, పిల్లి ఎక్కడుందో వెతకడం.

పిల్లి అంటే ఆ ఇంటి కూతురే. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుందని చిన్నప్పుడు మేనమామ పెట్టిన పేరు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు బడి కూడా అయిపోయింది. పన్నెండో తరగతి మంచి మార్కులతోనే పాసైంది. తోటివాళ్ళు తలో కాలేజీలో చేరిపోయారు. ఈ పిల్ల మాత్రం ఇస్త్రీ బల్ల దగ్గర బయల్దేరి షట్టర్ దాకా, అక్కణ్ణించి వీధి చివరి దాకా వెళ్ళి, అక్కడ కొత్తగా ఏమీ లేదని చూసుకుని మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చేది.

"ఊరికే అలా తిరిగే బదులు ఆ సైకిలెక్కి తిరగవే, డెలివరీలైనా అవుతాయి" అనేవాడు మామయ్య. ఆయన వాళ్ళమ్మకి తమ్ముడు. లాండ్రీలో ఇస్త్రీ ఆయనది, జోకులూ ఆయనవే. ఇస్త్రీ ఎప్పుడూ మాడలేదు.

జర్మన్ సంగతి కూడా ఈ తిరుగుడులోంచే వచ్చింది. బళ్ళో మూడో భాష ఏదో ఒకటి తీసుకోవాలన్నారు. జర్మన్ క్లాసు అన్నిటికంటే పై అంతస్తులో ఉండేది. రోజూ అన్ని మెట్లు ఎక్కి దిగొచ్చు కదా అని పిల్లి జర్మన్ తీసుకుంది. గైడు కొనుక్కుంది, గైడు మొత్తం బట్టీ పట్టింది, క్లాసులో మొదటి మార్కు తెచ్చుకుంది. ఆ మార్కులు చూసి ఓ ఏజెంటు జర్మనీలో హోటల్ రిసెప్షన్ ట్రైనింగ్‌కి సీటు చూశాడు. జీతమిచ్చి నేర్పిస్తారు. భాష పరీక్ష ఒక్కటి పాసైతే చాలు.

రాత పరీక్ష నల్లేరు మీద బండిలా సాగింది. మాట పరీక్షలోనే బండి బోల్తా కొట్టింది. "మీ గురించి చెప్పండి" అంది పరీక్ష పెట్టే ఆవిడ. పిల్లి గైడులో ఉన్న నమూనా జవాబు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "నేను సివిల్ ఇంజనీర్ని. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. నాకు భార్య, ఇద్దరు పిల్లలు. ఆదివారాలు మేము కొండలెక్కుతాం." ఆవిడ కాగితం మీంచి తలెత్తి ఈ పద్దెనిమిదేళ్ళ పిల్లని ఎగాదిగా చూసి, "మీ భార్య ఏం చేస్తారు?" అని అడిగింది. గైడులో తరవాతి వాక్యం వాతావరణం గురించి ఉంది. "నవంబరులో ఇక్కడ వానలెక్కువ" అంది పిల్లి. ఇక అక్కణ్ణించి ఎన్ని అడిగినా నోరు పెగల్లేదు.

వేసవి ఆఖర్లో ఇంకొక్క అవకాశం ఉంది. అప్పుడూ తప్పితే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది, తను ఈ వీధిలోనే ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అరికాళ్ళకి జిల పుట్టినట్టయ్యేది.

ఆ రోజు పరీక్ష నుంచి నేరుగా లాండ్రీకి వచ్చి, సబ్బుపొడి బస్తా మీద కూలబడి ఏడిచింది. ఎదురుగా ముసలాయన దొర్లుతున్నాడు.

ముసలాయన వాళ్ళ బట్టలుతికే పెద్ద మిషను. పిల్లి వాళ్ళ నాన్న పోయిన ఏడు, మూతపడ్డ ఒక హోటల్ సామాన్లు అమ్ముతుంటే వాళ్ళమ్మ దీన్ని కొని ఈ లాండ్రీ పెట్టింది. ముందువైపు గుండ్రటి అద్దం తలుపు, లోపల మనిషి పట్టేంత డ్రమ్ము. కడుపులో బట్టలుంటే మాట్లాడేవాడు, ఖాళీగా తిప్పితే ఉలికేవాడు కాదు, పలికేవాడు కాదు. జర్మనీలో తయారైనవాడు కాబట్టి మాటలు జర్మన్‌లోనే వచ్చేవి. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు "మీ ముసలాయన ఇవాళ తెగ సణుగుతున్నాడే" అనేవాళ్ళు, రసీదు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇన్నేళ్ళూ ఆ మాటలు పిల్లి చెవిన పడలేదా అంటే, పడ్డాయి. గైడులో జర్మనూ ఇంట్లో జర్మనూ ఒకటేనని తట్టలేదు, అంతే. ఇంట్లో ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆ సాయంత్రం ఏడుపు మధ్యలో ఒక మాట అర్థమైంది. "ఆపు" అంటున్నాడు ముసలాయన. "ఎవడో జేబులో పెన్ను మర్చిపోయాడు. ఇంకు కారుతోంది. ఆపు, పిల్లా!"

పిల్లి గబుక్కున లేచి స్విచ్చు కట్టేసింది. నీళ్ళు వదిలి తలుపు తీస్తే, నిజంగానే ఒక చొక్కా జేబులో పెన్ను. చొక్కా పోయింది గానీ మిగతా బట్టలన్నీ బతికాయి.

"దాన్ని చూడకుండానే ఎలా తెలిసిందే నీకు?" అంది వాళ్ళమ్మ.

"ముసలాయన చెప్పాడు."

"మరి మంచిది" అంది వాళ్ళమ్మ, ఆ చొక్కాని నిమ్మరసంలో నానబెడుతూ. "రేపట్నుంచి ఆయన దగ్గరే కూర్చో."

కూర్చోవడమైతే పిల్లి వల్ల కాలేదు. ముసలాయన ముందు అటూ ఇటూ తిరుగుతూనే నేర్చుకుంది. నీళ్ళు పట్టేటప్పుడు ఆయన నింపాదిగా మాట్లాడేవాడు, చిన్న క్లాసు పిల్లలకి చెప్పినట్టు. సబ్బు కలిసి దొర్లడం మొదలయ్యాక కబుర్లు. ఆ హోటల్లో దిగినవాళ్ళ గురించి, వాళ్ళ కాలర్ల గురించి, ఏ మరక దేనికి లొంగుతుందో దాని గురించి. ఇక పిండేటప్పుడు తిట్లు. అంత వేగంలో ఒక్క ముక్క అందుకోవాలంటే చెవులు రిక్కించి వినాల్సిందే. తప్పు మాట్లాడితే "నోహ్ మాల్" అనేవాడు, అంటే మళ్ళీ అనమని. పిల్లి మళ్ళీ అనేది. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి మామయ్య కూడా "నోహ్ మాల్" అని అరిచేవాడు, టీ రెండోసారి కావాలంటే.

అన్నిటికంటే ఆయన తరచుగా అడిగే మాట ఒకటుంది. "వారుమ్?" ఎందుకు?

"నువ్వు మా దేశం ఎందుకు వెళ్తానంటున్నావు?"

"జర్మనీ అభివృద్ధి చెందిన దేశం కాబట్టి. అక్కడ అవకాశాలు ఎక్కువ కాబట్టి." ఇది గైడులో ముప్ఫయ్యో పేజీ.

డ్రమ్ము దభీమని ఆగిపోయేది. లోపల బట్టలు సబ్బు నీళ్ళలో అలాగే తేలుతూ ఉండిపోయేవి. బట్టీ జవాబులు ముసలాయనకి గిట్టవు.

"మళ్ళీ ఏం చెప్పావే ఆయనకి?" అని వెనక గదిలోంచి వాళ్ళమ్మ కేకేసేది.

"నిజమే చెప్పానమ్మా!"

"ఆయనకి నచ్చే నిజమేదో చూసి చెప్పు. సాయంత్రానికి ఇవ్వాల్సినవి ఉన్నాయి."

నచ్చే నిజం ఏమిటో పిల్లికీ తెలియదు. ఇక్కడ ఉండలేనని తెలుసు. అక్కడికి వెళ్ళి ఏం చెయ్యాలో, రిసెప్షన్ బల్ల వెనక రోజంతా ఎలా నిలబడాలో తలుచుకుంటే కాళ్ళు మళ్ళీ వీధి చివరికి లాగేవి. వెళ్ళాలనీ ఉంది, ఎందుకంటే చెప్పడానికీ లేదు. ఆ రెండిటి మధ్యా నలిగిపోయింది.

పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆత్రం పెరిగింది. ముసలాయన మాట్లాడాలంటే కడుపులో బట్టలుండాలి. బట్టలు ఎప్పుడూ ఉండవు. అప్పుడు పిల్లి ఉతికి, ఆరేసి, మడతపెట్టిన బట్టల్నే మళ్ళీ లోపల పడేసేది. బ్యాంకు గుమాస్తా నీలం చొక్కా ఆ వేసవిలో తెల్లబడిపోయింది. "ఏమ్మా, నాకంటే ముందు నా చొక్కా ముసలిదైపోయిందేమిటి?" అని ఆయన వాపోతే, "ఇప్పుడు తెలుపే ఫ్యాషనండీ" అని మామయ్య సర్దేశాడు. ఏప్రాన్ల నాడాలు ఊడిపోయాయి. ఒక పెళ్ళికొడుకు కోటు కుంచించుకుపోయి వాళ్ళ తమ్ముడికి సరిపోయింది.

ముసలాయన కూడా అరిగిపోతున్నాడు. పిండే వేగంలో వెనకవైపు నుంచి గరగరమని ఒక చప్పుడు మొదలైంది. "నడుం నొప్పి" అన్నాడొక రోజు. "నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. మీ అమ్మకి చెప్పు."

పిల్లి చెప్పలేదు. బజారు అవతల అచ్చుయంత్రం ఒకటి ఉండేది, పాటలు పాడేది. బేరింగులు మార్చాక మూగబోయింది. పాత మిషన్లన్నీ అంతే, రిపేరు చేస్తే పనిచేస్తాయి గానీ గొంతు పోతుంది. పరీక్ష అయ్యేదాకా ఆగితే ఏం పోతుంది? అదే అనుకుంది పిల్లి. "రేపు చెప్తాను" అనేది ముసలాయనతో. మర్నాడూ అదే మాట. ముసలాయన ఒకసారి అడిగాక మళ్ళీ అడగలేదు. నొప్పి గురించి మాట్లాడ్డం మానేసి, విశేషణాలు నేర్పించాడు. ఆ పెద్దరికం పిల్లికి ముల్లులా గుచ్చుకుంది, అయినా నోరు విప్పలేదు.

ఒక మధ్యాహ్నం ముసలాయన కడుపులో పిల్లి వేసిన శుభ్రమైన తువ్వాళ్ళు దొర్లుతుండగానే, మామయ్య నర్సింగ్ హోమ్ దుప్పట్ల మూటలు సైకిల్ మీదికి ఎత్తుతున్నాడు. తెల్లగా, తళతళ్ళాడుతూ ఉన్నాయి.

"అవి ఎప్పుడు ఉతికారు? పొద్దుట్నుంచీ మిషను దగ్గర నేనే ఉన్నానుగా?"

మామయ్యకి జోకు తోచలేదు. వెనక పెరడు వైపు చూశాడు.

పిల్లి పెరట్లోకి వెళ్ళింది. సిమెంటు తొట్టి దగ్గర వాళ్ళమ్మ చీలమండల దాకా నీళ్ళలో నిలబడి ఇంకో దుప్పటి పిండుతోంది. తడిసిన దుప్పటి మనిషంత బరువుంటుంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా, బట్టల సోడాకి వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. రోజూ తనకి అన్నం పెడుతున్న చేతులే. తిరుగుడులో పడి చూడలేదు.

"ఎప్పట్నుంచి?" అంది పిల్లి.

"ఆయనకి బేరింగు పోతోంది. బరువు మోయలేడు" అంది వాళ్ళమ్మ, ఆగకుండానే. "నువ్వు లేనప్పుడు మెకానిక్ వచ్చి చూసి వెళ్ళాడులే. మారిస్తే గొంతు పోతుందన్నాడు. నీ పరీక్ష అయ్యాక రమ్మన్నాను. ఇంకెంత, నాలుగు రోజులేగా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చదువుతావా?" వాళ్ళమ్మ దుప్పటి రెండో కొస కూతురి చేతికిచ్చింది. "పట్టుకో. అటు తిప్పు."

ఇద్దరూ చెరో వైపు మెలిపెట్టారు. నీళ్ళు ధారగా కారాయి. పిల్లికి ఏడుపు పొంగుకొచ్చింది, సిగ్గేసింది కూడా. "ఆయన నాకు ఎప్పుడో చెప్పాడమ్మా, నడుం నొప్పని. నేనే దాచాను."

వాళ్ళమ్మ దుప్పటికి ఇంకో మెలిక వేసింది. "ఇద్దరం కలిసి ఆ ముసలి ప్రాణాన్ని బాగానే పిండాం" అంది.

"మెకానిక్‌ని రేపే రమ్మను."

"పరీక్షో?"

"రేపే రమ్మనమ్మా."

మెకానిక్ పొద్దున్నే పానాల సంచితో వచ్చాడు. మాటకారి కాడు గానీ చెయ్యి మంచిది. ముసలాయన వెనక రేకు విప్పి, ముక్కు దగ్గరపెట్టి వాసన చూశాడు. "బయటి బేరింగు. మార్చేస్తే సరి" అని పానా తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి" అంది పిల్లి. "ఆయన్ని అడుగుదాం."

"సరే అడుగు. నాకు ఆయన భాష రాదు."

డ్రమ్ములో రెండు తువ్వాళ్ళు వేశారు. మెకానిక్ చేత్తో మెల్లగా తిప్పాడు. ముసలాయన గొంతు బాగా సన్నగిల్లింది.

"నొప్పి ఎక్కడో అడుగు" అన్నాడు మెకానిక్.

అడిగింది. "బయటి దానికి కాదు, లోపలి దానికి అంటున్నాడు."

"కుడివైపు తిప్పినప్పుడా, ఎడమవైపా?"

"రెండు వైపులా ఉందట. ఎడమవైపు తిప్పితే..." పిల్లికి మాట దొరకలేదు. రాయి మీద రాయి నూరినట్టు చేతులతో చూపించింది. ముసలాయన ఆ మాట అందించాడు. అది ఏ గైడులోనూ లేదు. "నూరినట్టు ఉంటుందట. ముందు నీళ్ళు ఆపే రబ్బరు సీలు చిరిగిందట, అందులోంచి నీళ్ళు దిగి ఇరుసుకి తుప్పు పట్టిందట. సీలు మార్చకుండా బేరింగు వేస్తే ఏడాది తిరక్కుండా అదీ పోతుందంటున్నాడు."

మెకానిక్ టార్చి వేసి లోపలికి తొంగి చూశాడు. "నిజమే" అన్నాడు. "బయటిది వేసి వెళ్ళిపోయేవాణ్ణి. ఇరుసుని తుప్పు ఎంత లోతు తిందో అడుగు."

అలా పొద్దుటి ఎండ ఇస్త్రీ బల్ల మీంచి జరిగి జరిగి గుమ్మం దాకా పోయింది. మెకానిక్ అడగడం, పిల్లి జర్మన్‌లో అడగడం, ముసలాయన చెప్పడం, పిల్లి తిప్పి చెప్పడం. తెలియని మాట వస్తే నీళ్ళు నమల్లేదు, ఇదేమిటని అడిగేసింది. అడగందే అమ్మయినా పెట్టదు కదా. ఒక చేత్తో టార్చి పట్టుకుంది, ఒక చేత్తో బోల్టులు వరసగా గుడ్డ మీద పేర్చింది. మామయ్య రెండుసార్లు టీ తెచ్చి పెట్టాడు, రెండుసార్లూ చల్లారిపోయింది.

"అక్కా, ఇటు చూడు" అన్నాడు మామయ్య గుసగుసగా. "అది పొద్దుట్నుంచీ ఒక్కచోటే కూర్చుంది."

వాళ్ళమ్మ చూసింది. "ష్, బెదరగొట్టకు" అంది.

చివరికి మెకానిక్ బేరింగు ఊడలాగే పుల్లర్ బిగించాడు. "ఇది లాగితే మాట పోతుంది. ఏమన్నా చెప్పేదుంటే చెప్పెయ్యమను."

పిల్లి డ్రమ్ము అంచు పట్టుకుని తనే మెల్లగా తిప్పింది. ముసలాయన మరకల సంగతి ఎత్తలేదు, తిట్టలేదు. "వారుమ్?" అన్నాడు, అంతే.

పిల్లి నోరు తెరిచింది. గైడులో మాట ఒక్కటీ రాలేదు. సొంత మాటా ఇంకా రాలేదు. "ఇంకా తెలీదు" అంది జర్మన్‌లో. డ్రమ్ము ఆగలేదు, మెల్లగా ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. మెకానిక్ పుల్లర్ తిప్పాడు. తుప్పు పట్టిన బేరింగు టక్కుమని ఊడొచ్చింది.

సాయంత్రానికి నర్సింగ్ హోమ్ దుప్పట్లన్నీ ఒక్క విడతలో ఉతికి ఇచ్చాడు ముసలాయన, చప్పుడు లేకుండా. వాళ్ళమ్మ చేతులకి నూనె రాసుకుని కుర్చీలో కూర్చుంది. లాండ్రీ అంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మామయ్య చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తే వినబడింది. పిల్లి అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. అన్నానికి పిలిచినా కదల్లేదు.

పరీక్ష గది ఒక ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. ఈసారి పరీక్ష పెట్టేది ఒక జర్మన్ ఆయన. జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. మాట మాటకీ వేడినీళ్ళు తాగుతున్నాడు. ఇల్లు, వీధి, పని అంటూ ఒక్కొక్కటే అడిగాడు. పిల్లి చెప్పింది. మధ్యలో ఆయన అన్న మాట ఒకటి అర్థంకాక, "మళ్ళీ అనండి" అంది. ఆయన మళ్ళీ అన్నాడు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మా తాతల నాటి మాటలు వాడుతున్నారు."

"మా బట్టల మిషను దగ్గర."

"ఓహో" అన్నాడాయన, కాగితం మీద రాసుకుంటూ. "ఏ కాలం మిషను?"

చెప్పింది. ఆయన తలాడించి, ముక్కు తుడుచుకుని, ఆఖరి ప్రశ్న అడిగాడు. "మా దేశానికి ఎందుకు రావాలనుకుంటున్నారు?"

పిల్లికి మొన్నటి పొద్దు గుర్తొచ్చింది. పదాలు వెతుక్కుంటూ, మెల్లగా చెప్పింది. "మా మిషనుకి నొప్పి చేసింది. ఎక్కడ నొప్పో అది నాకు చెప్పింది. నేను మెకానిక్‌కి చెప్పాను. ఆయన బాగుచేశాడు. ఇప్పుడు మా అమ్మ దుప్పట్లు చేత్తో పిండక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ నాకు ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళిపోవాలని ఉండేది. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు ఎక్కడికీ వెళ్ళాలనిపించలేదు." కాస్త ఆగింది. "అందుకే వస్తాను. మీ మిషన్లు విప్పడం నేర్చుకోవడానికి."

ఆయన కప్పు కిందపెట్టాడు. "ఇక్కడ హోటల్ రిసెప్షన్ అని రాసుంది. ఈ సీటు మీకు వచ్చేసినట్టే. పాసయ్యారు."

"అది వద్దండి."

"వద్దంటే ఇంకెవరికో ఇచ్చేస్తారు. మిషన్ల ట్రైనింగ్‌కి మళ్ళీ మొదట్నుంచీ దరఖాస్తు పెట్టాలి. ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదంతా మీరు ఆ లాండ్రీలోనే ఉండాలి."

కిటికీలోంచి వీధి కనిపిస్తోంది. బస్సు ఒకటి ఆగి, జనాన్ని ఎక్కించుకుని, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. పిల్లి దాన్ని చూసింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"ఫరవాలేదు" అంది. "ఆగుతాను."